మొక్కు జీపు

కరుణాకర్ గౌడ్ జీపు బాగుచేస్తున్నాడంటే చాలు, మేడిపల్లి దాటి వాగు అవతలున్న ఆ ఊళ్లో నవ్వని మనిషి లేడు. మస్కట్‌లో ఇసుక మీద ఉరికే పెద్ద పెద్ద బండ్లను విప్పి బిగించిన మెకానిక్కట! ఇంటి ముందర రేకుల పందిరి కింద పడున్న ఒక్క జీపును రెండు వానాకాలాల నుంచి లేపలేకపోతున్నాడట! నవ్వరా మరి? నవ్వుకు పన్నేమీ లేదు కదా.

నవ్వేవాళ్లకు అసలు సంగతి తెలియదు. ఆ జీపును లేపడం కరుణాకర్‌కు ఎడమచేతి పని. లేవకుండా ఆపడమే గొడ్డుచాకిరి.

ఇదంతా వాళ్లమ్మ మొగిలవ్వ మొక్కుతో మొదలైంది. మస్కట్‌లో కంపెనీ మూతపడి, పాస్‌పోర్టు ఎవరి బీరువాలోనో ఇరుక్కుపోయి, కొడుకు నుంచి ఫోను రాక మొగిలవ్వకు ముద్ద దిగని రోజుల్లో ఆమె గుట్ట మీది ఎల్లమ్మ ముందర కొంగు పరిచింది. నా కొడుకు సల్లంగ ఇల్లు చేరితే, సొంత బండి మీద యాటపోతును ఎక్కించుకొని వచ్చి నీకు కోస్తానని మొక్కింది. ఎల్లమ్మ విన్నది. కరుణాకర్ వచ్చాడు. ఒక కంబలి, నాలుగు సెంటు సీసాలు, ఈ జన్మకు సరిపడా నడుంనొప్పి తెచ్చుకున్నాడు. బండి మాత్రం తేలేదు.

మొక్కు తీర్చకుండా మనిషి మళ్లీ దూరదేశం పోకూడదు. కల్లు గీసేవాళ్లుండే ఆ గౌండ్లవాడలో ఇది రాజ్యాంగం కంటే గట్టి మాట. తెచ్చిన తల్లికి తీసుకుపోవడమూ తెలుసు. అట్లా మొక్కు మరిచి పోయినవాళ్ల కథలు నాలుగైదు ఆ వాడలో ఎప్పుడూ తయారుగా ఉంటాయి.

బావమరిది సతీశ్‌కు కోరుట్లలో గల్ఫ్‌కు మనుషులను పంపే ఆఫీసుంది. అక్క గీత మొగుడు ఇల్లు చేరి కాళ్లు కడుక్కోకముందే, పిల్లకు సంబంధం చూసినట్టు బావకు కొత్త కంపెనీని చూసి పెట్టాడు. పాపం మంచివాడే. ఎవరైనా ఊళ్లో ఖాళీగా కనిపిస్తే అతనికి నిద్ర పట్టదు.

కరుణాకర్‌కు పోవాలని లేదు. అంతే. పదిమంది గదిలో పైమంచం మీద పద్నాలుగేళ్లు పడుకున్నాడు. బిడ్డ కల్పన పుట్టిన కబురు ఫోన్లో విన్నాడు, మొదటి మాటలూ ఫోన్లోనే విన్నాడు. తీరా వాకిట్లోకి వచ్చి నిలబడితే ఆ పిల్ల “అమ్మా, ఎవలో అచ్చిండ్రు” అంటూ లోపలికి ఉరికింది. ఆ మాట అతని గుండెలో ముల్లయి కూర్చుంది.

కానీ ‘నేను పోను’ అనాలంటే ఆ ఊళ్లో గుండెధైర్యం కావాలి. మీసమున్న మగవాడు వీధిలో కనిపిస్తే అక్కడ రెండే ప్రశ్నలు అడుగుతారు. ఎప్పుడొచ్చినవ్? ఎప్పుడు పోతున్నవ్? ఉంటున్నవా అని అడిగిన పాపాన ఒక్కడూ పోడు. అందుకే కరుణాకర్ నోరు తెరవలేదు. అమ్మ మొక్కులో ‘సొంత బండి’ అన్న మాట పట్టుకున్నాడు. గుట్ట మీదికి రాళ్లబాట, మామూలు బండ్లు ఎక్కవు, నాలుగు చక్రాలూ లాగే జీపే కావాలని పెద్దమనిషిలా తేల్చి చెప్పాడు.

కోరుట్లలో పాతసామాన్ల దుకాణానికి పోయి ఉన్నవాటిలో మరీ ఆగమైన జీపును ఏరుకున్నాడు. ముత్యంపేట షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో అది చెరుకు కొట్టేవాళ్లను మోసిందట. ఫ్యాక్టరీ మూతపడ్డాక అదీ మూలపడింది, వెనక సీట్లో కోళ్లు పొదుగుతున్నాయి. దుకాణం నడిపే ముసలాయనే సిగ్గుపడి, వద్దు గౌడ్ సాబ్, ఇంతకంటే మంచివి ఉన్నాయని బతిమిలాడాడు. కరుణాకర్ వినలేదు. అంత చెడిపోయిన బండి దొరికినందుకు అతని కడుపు నిండింది.

ఒకవైపు జీపు వచ్చింది, ఇంకోవైపు మొగిలవ్వ యాటను కొన్నది. కొన్ననాడు అది చంకలో పట్టేంత మేకపిల్ల. ఇవాళో రేపో పోయేదని ఊరంతా జాలిపడి తలా ఇంత మేత వేసింది. జీపు లేవలేదు, యాట పెరిగింది. గడ్డం వచ్చింది. ఏ ఇంటికి పోయినా తినడమే తప్ప పనేమీ లేదు కనుక దానికి వాడవాళ్లు సర్పంచ్ అని పేరు పెట్టారు. జీపు బాగుపడనంత కాలం తన మెడ భద్రమని దానికెట్లా తెలిసిందో గాని, అది రోజూ వచ్చి పందిరి కిందే పడుకునేది.

కష్టమంతా కరుణాకర్‌దే. చేయి తిరిగిన పనివాడు పని రానట్టు నటించాలంటే ఒళ్లు మండుతుంది. క్లచ్ విప్పేవాడు, తుడిచేవాడు, మళ్లీ బిగించేవాడు. ఇవాళ నాజిల్ పోయిందనేవాడు, రేపు డైనమో అనేవాడు. ఊరంతా పొలాలకు పోయిన మధ్యాహ్నం మాత్రం మనసు ఆగక ఒక్కసారి స్టార్ట్ చేసేవాడు. ఏళ్ల తరబడి చచ్చిపడున్న ఇంజను గుర్రుమని లేచి సన్నగా, ఒక్క తీరుగా తిరుగుతుంటే అతనికి కళ్లలో నీళ్లొచ్చేవి. అరే, ఎంత బాగా చేశానని ఎవరికైనా చూపించుకోవాలనిపించేది. ఎవరికి చూపిస్తాడు? గబగబా ఆపి, ఏదో ఒకటి ఊడదీసి, ముఖానికి మసి పూసుకొని కూర్చునేవాడు.

ఇక సలహాలు. ఆ ఊళ్లో పాన పట్టడం రాని వాళ్లంతా మెకానిక్కులే. పక్కింటి ఐలయ్య అయితే తాటిచెట్టు దిగి నేరుగా జీపు దగ్గరికే వచ్చేవాడు. ఒకనాడు కరుణాకర్ ఇంట్లో అన్నం తింటుంటే, రేడియేటర్ ఎండిపోయిందని జాలిపడి, నీళ్లు దూరమని, చేతిలో ఉన్న లొట్టెడు తెల్లకల్లు అందులో పోశాడు. మనిషికి సల్లదనం చేసేది ఇంజనుకు చేయదా అని ఆయన లెక్క. ఎండకు కల్లు పులిసి మూత ఎగిరి పందిరి రేకుకు తగిలింది. నురుగంతా బానెట్ మీదికి పొంగింది. సర్పంచ్ ఆ నురుగు నాకి రెండు రోజులు తూలుతూ తిరిగింది. కరుణాకర్ పైకి తిట్టాడు గాని, కడగడానికి నెల పడుతుందని లోపల దండం పెట్టుకున్నాడు. ఐలయ్య మాత్రం తప్పు జీపు మీదికే తోసి, తన కొడుకు లింబాద్రి దుబాయిలో ఎట్లా పనిచేస్తున్నాడో, సతీశ్ ఎంత మంచి వీసా ఇప్పించాడో చెప్పి, మా వాడైతే ఈ పాటికి జీపును మేడారం దాకా తోలేవాడని పోయాడు.

కడకు సతీశ్‌కు ఓపిక చచ్చింది. తనే వచ్చి జీపు కింద దూరి, క్లచ్‌లో ఉంగరంలాంటి ఇత్తడి బుష్ ఒక్కటే అరిగిపోయిందని కనిపెట్టాడు. సిరిసిల్లలో సాంచెలకు సామాన్లు చేసే లేత్ మిషన్లున్నాయి, అక్కడ గీయించుకు రమ్మని బావను బస్సెక్కించాడు. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు.

సిరిసిల్లలో ఆనందం అనే లేత్ పనివాడి దుకాణం. ఒకప్పుడు ఆ వీధిలో సాంచెల చప్పుడుకు మాట వినపడేది కాదట. ఇప్పుడు సగం షెడ్లకు తాళాలు, గొంతు తగ్గించి మాట్లాడుకోవచ్చు. ఆనందం పాత బుష్‌ను వేళ్లతో తిప్పి చూశాడు, ఇత్తడి ముక్కను లేత్‌కు పట్టించాడు, కాసేపట్లో కొత్తది చేతిలో పెట్టాడు. కొలిచి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. కరుణాకర్ ముఖం మాడిపోయింది. తన పనికి ఎవరైనా అట్లా ముఖం పెట్టడం ఆనందం ఎన్నడూ చూడలేదు. ఏం తక్కువైందని కోపంగా అడిగాడు.

కరుణాకర్‌కు ఇక దాచుకోవడం చేతకాలేదు. “గిది గింత మంచిగ కుదిరితె నేను మళ్ల మస్కట్ పోవాలె అన్నా. జర కుదరకుంట చేసియ్యి.”

ఆనందం మిషను ఆపాడు. తాళం వేసి ఉన్న ఎదుటి షెడ్డు వైపు చూశాడు.

“సాంచెల పనికి బొంబాయి దిక్కు భీవండి పోయేటప్పుడు నాకు గీ ఉపాయం దొరకకపాయె తమ్మీ” అన్నాడు.

తర్వాత ఇంకో ముక్క తీసుకొని, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేయని పని చేశాడు. కావాలని దొడ్డుగా, ఎంత కొట్టినా ఎక్కని బుష్ ఒకటి గీశాడు. దాన్ని చేయడానికి మంచిదానికంటే ఎక్కువసేపు పట్టింది. చేయి ఒప్పుకోలేదు మరి. రెండూ పొట్లం కట్టి ఇచ్చాడు.

దొడ్డుది సతీశ్‌కు చూపించి, సిరిసిల్లోడు ఆగం చేసిండని కరుణాకర్ నాలుగు తిట్లు తిట్టాడు. లోపల ఆనందానికి క్షమాపణ చెప్పుకున్నాడు. మంచిదాన్ని గీత బీడీలు చుట్టే చాటలో, తునికాకు కట్టల అడుగున దాచాడు. గీత రోజూ ఆ చాట ముందరే కూర్చుంటుంది, అడుగు దాకా ఆకు తీస్తుంది. ఆ సంగతి ఆ మహా మెకానిక్కుకు తట్టలేదు.

మూడో వానాకాలం వచ్చింది. ఒక తెల్లవారి దుబాయి నుంచి ఐలయ్యకు ఫోనొచ్చింది. లింబాద్రికి నిద్రలో గుండె ఆగిందన్నారు. అక్కడ చచ్చిపోయే మనవాళ్లందరికీ నిద్రలోనే ఆగుతుంది, మెలకువలో ఆగినట్టు ఎవరూ చెప్పరు. ఎన్నో వారాల తర్వాత పెట్టె వచ్చింది. హైదరాబాద్ నుంచి అంబులెన్సు వాగు దాకా వచ్చి, పొద్దున్నే ముసురు వానలో ఇసుకలో దిగబడింది. లాగడానికి పోయిన ట్రాక్టరు కూడా ఇరుసు దాకా కూరుకుపోయింది. ఎగువన వాన పడుతోంది, నీళ్లు పెరుగుతున్నాయి. ఊరివైపు ఒడ్డున ఐలయ్య భార్య శంకరవ్వ, కొడుకు పెట్టె వైపు చేతులు చాపి ఏడుస్తోంది. ఐలయ్య మోకాలిలోతు నీళ్లలో నిలబడి అంబులెన్సును ఒక్కడే తోస్తున్నాడు.

కరుణాకర్ అక్కడి నుంచి ఇంటికి ఉరికాడు. పందిరి కిందికి వచ్చి ఆగిపోయాడు. జీపును తీస్తే ఊరంతా చూస్తుంది. ఇన్నాళ్ల నాటకం ఒక్క పొద్దులో తేలిపోతుంది. యాట పోతుంది, తర్వాత తను పోతాడు. సిగ్గులేకుండా ఆ లెక్క కూడా మనసులో మెదిలింది.

గీత బయటికి వచ్చింది. అతని అరచేయి తెరిచి ఇత్తడి బుష్ పెట్టింది.

“పో” అంది.

జీపు కింద దూరి బుష్ ఎక్కించాడు. పిన్ను కోసం చేయి చాపితే అందించింది మొగిలవ్వ. ఎప్పుడొచ్చిందో, పక్కనే వంగి కొడుకు ఏది ఎక్కడ పెడుతున్నాడో చూస్తోంది. జీపు ఒక్క తిప్పుకే లేచింది.

వాగులో ఆ జీపు పనిచేసిన తీరు చూడాల్సిందే. నాలుగు చక్రాలూ ఇసుకను పట్టి, వెనక కట్టిన మోకుతాడు బిగిసి, ముందు అంబులెన్సు, తర్వాత ట్రాక్టరు ఒడ్డెక్కాయి. ఐలయ్య తడిబట్టలతో వచ్చి జీపు బానెట్ మీద చేయి పెట్టాడు.

“మంచిగ చేసినవ్‌ రా బండి” అన్నాడు.

ఇన్నాళ్లలో ఆ పనికి దక్కిన మొదటి మెచ్చుకోలు అది. కరుణాకర్ స్టీరింగ్ మీద తల పెట్టుకొని ఏడ్చాడు.

పెద్దకర్మ అయ్యేదాకా ఊరు మర్యాదగా ఓపిక పట్టింది. ఆ మర్నాటి నుంచి యాట ఎప్పుడని అడగడం మొదలుపెట్టింది. సతీశ్ పరామర్శకు వస్తూ పనిలోపనిగా బావ వీసా కాగితం కూడా తెచ్చాడు. జీపు లేచింది కదా, ఇంకేం తక్కువ? వచ్చే మంగళవారం మొక్కు తీర్చాలని, ఆ వారాంతంలోనే విమానమని అందరూ కలిసి నిర్ణయించారు. కరుణాకర్‌ను ఎవరూ అడగలేదు. మొగిలవ్వ ఆ పదకొండు రోజులూ శంకరవ్వ దగ్గరే కూర్చుంది.

మంగళవారం వచ్చింది. జీపుకు బంతిపూలు, నిమ్మకాయలు, పసుపు కుంకుమ. డప్పులు. సర్పంచ్‌కు తానం పోసి మెడలో వేపమండలు కట్టి వెనక ఎక్కించారు. వెనక్కి చూడకుండా కరుణాకర్ ఎక్కి క్లచ్ తొక్కాడు. కాలు నేరుగా కింది రేకు దాకా పోయింది. మళ్లీ తొక్కాడు. వదులు. కింద దూరి చూస్తే బుష్ లేదు, పిన్ను లేదు.

గీత వైపు చూశాడు. నిజంగానే తనకు తెలియదని ఆమె అడ్డంగా తలూపింది. అప్పుడు వాకిటి గద్దె మీద కూర్చున్న అమ్మ వైపు చూశాడు. మొగిలవ్వ ఒళ్లోని వక్కాకు సంచిలో చేయి పెట్టి వక్క కోసం వెతుకుతోంది. వక్కల మధ్య ఇత్తడి టింగుమంది.

సతీశ్ కూడా విన్నాడు. వీసా తారీఖు దాటిపోతుందని, ఊరంతా చూస్తోందని, దేవుడితో ఆటలేందని గొంతు పెంచాడు. మొగిలవ్వ వక్క నోట్లో వేసుకుంది.

“మొక్కు నాది. యాట సుత నాదే. ఎప్పుడు తీర్చాలెనో ఎల్లమ్మకు నాకు ఎరుక. లింబాద్రిని పంపింది నువ్వే గదా సతీశా? పో, గా శంకరవ్వ ఇంట్ల గూసోని రాపో.”

డప్పులు ఆగిపోయాయి. గుంపులోంచి ఐలయ్య ముందుకొచ్చి, ఎవరినీ అడగకుండా యాట మెడ తాడు విప్పాడు. అది కిందికి దూకి, జీపుకు కట్టిన బంతిపూలు తినడం మొదలుపెట్టింది.

కరుణాకర్ మళ్లీ జీపు కిందికి దూరాడు. అక్కడ చేయడానికి పనేమీ లేదు, ముఖం దాచుకోవడానికి చోటుంది. అందరికీ వినపడేటట్టు కింది నుంచే అన్నాడు.

“ఇంకో బుష్ చేయించాలెనే అవ్వా. సిరిసిల్ల దాక పోవాలె.”

“పోయిరా కొడుకా” అంది మొగిలవ్వ. “గంత దూరమైతె పోయిరా.”