ఉప్పును తట్టుకునే వరి

భాగ్యమ్మ రైతు కాదు. పదకొండేళ్లుగా హంసలదీవి దగ్గర రెండెకరాలు కౌలుకి తీసుకుని దున్నిస్తోంది, నారు ఊడుస్తోంది, కోస్తోంది. అయితే ఏం? కాగితం మీద రైతు నాగభూషణరావు గారు. ఆయన కాపురం గుడివాడలో. పొలంగట్టు ఎక్కింది ఎప్పుడో మోకాళ్లు బాగున్న రోజుల్లో.

ఈమధ్య సముద్రానికి కూడా ఆ పొలం మీద మనసైంది. పోటు వచ్చినప్పుడల్లా మురుగుకాలవలో ఎదురెక్కి వచ్చేస్తోంది. పొద్దున్నే కాలవ నీళ్లు నాలిక మీద వేసుకుని చూసి, ఉప్పగా ఉంటే మడికి పెట్టకుండా కాచుకుంటుంది భాగ్యమ్మ. అయినా నిరుడు నారు రెండుసార్లు మాడిపోయింది. ఈ ఏడూ పోతే కౌలు వదిలేసి, ఏ పట్నంలోనో అంట్లు తోముకోవాల్సిందే.

అదిగో, అప్పుడే బందరులో సదస్సన్నారు. మారిపోయిన వాతావరణానికి చిన్న రైతుని తట్టుకునేలా చేస్తారట, రెండు రోజుల్లో! ఉప్పును తట్టుకునే వరి విత్తనం కూడా ఇస్తారట. మొదటి బస్సుకే వెళ్లింది భాగ్యమ్మ. గుమ్మం దగ్గర ఒకాయన పొలం పాసుపుస్తకం అడిగాడు.

"నాకెక్కడిదండీ, కౌలండీ."

"అయితే రైతుని పంపించమ్మా."

పంపించింది. రెండో రోజు రావుగారు కారులో వెళ్లారు. ఏసీలో ఓ కునుకు తీశారు, శాలువా కప్పించుకున్నారు, రెండు బస్తాల విత్తనం డిక్కీలో వేయించుకుని ఇంటికి చేరారు.

"ఎల్లుండి పంపిస్తాలే," అన్నారు ఫోన్లో. ఆ ఎల్లుండి మూడు వారాలైనా రాలేదు. నారు పోసే అదను దాటిపోతోంది. ఇక లాభం లేదని భాగ్యమ్మే గుడివాడ వెళ్లింది.

"విత్తనమా? ఇంకెక్కడిది భాగ్యమ్మా! పురుగు పడుతుందేమోనని మర పట్టించేశాం," అన్నారు రావుగారు, ఎంతో ముందుచూపుతో.

ఆయన భార్య అమ్మాజీగారు పళ్లెంలో రెండట్లు తెచ్చిపెట్టారు. "ఆ బియ్యమే. తిని చూడు, ఎంత బాగా వచ్చాయో!"

భాగ్యమ్మకి కడుపు మండిపోయింది. ఆ మంటలో భయం కూడా పోయింది. పళ్లెం ముట్టుకోలేదు.

"మిగిలిన పిండి కూడా అట్లు పోసి మూటగట్టండమ్మగారూ, తీసుకెళ్లి మడిలో ఊడ్చుకుంటాను," అంది. తర్వాత రావుగారి వైపు తిరిగింది.

"బాబుగారూ, సదస్సులో చెప్పే ఉంటారు. అట్టుకీ అట్టుకీ ఎడం ఎంత వదలాలండీ?"