ఎస్తేరు ఆపిన రిపోర్టు

శిష్యులు నాకు నివాళి రాయవలసిన వయసులో, శిష్యురాలికి నేను రాస్తున్నాను. కాలం వరస తప్పిన రోజు ఇది.

నిన్న ఉదయం ఎస్తేరు పనిచేసే ల్యాబ్ నుంచి ఫోన్. "ఎస్తేరక్క లేదు సార్" అన్నారు. గుండెపోటట.

ఏ ఎస్తేరు అని అడిగాను. నాకు తెలిసిన ఎస్తేరు ఒక్కతే అయినా.

నల్లమాడ హైస్కూలులో నేను తెలుగు చెప్పిన పిల్ల. అమ్మానాయనలు కూలికి పోయేవారు. తొమ్మిదో తరగతిలో ఒక పద్యం నాలుగో పాదం దగ్గర ఎప్పుడూ తడబడేది. ఒక్క అక్షరం తప్పినా మొదటినుంచి చదివించేవాణ్ణి.

పెద్దయ్యాక అనంతపురంలో, డీఎన్‌ఏను బట్టి రోగం తెచ్చే బాక్టీరియాను గుర్తించే ల్యాబ్‌లో చేరింది.

మూడేళ్ళ క్రితం మా ఇంటావిడకు జ్వరం. రెండు నెలలైనా తగ్గలేదు. డాక్టరు క్షయ అని అనుమానించి శాంపిల్ ఆ ల్యాబ్‌కే పంపారు.

సాయంత్రం నేనే వెళ్ళాను. పరీక్ష యంత్రం తెరపై ఆవిడ శాంపిల్ గీత పైకి లేచి ఉంది. గీత లేస్తే క్షయ ఉన్నట్టేనట.

కానీ ఎస్తేరు రిపోర్టు ఇవ్వనంది.

ప్రతి పరీక్షలోనూ ఉత్త నీళ్ళతో ఒక ట్యూబు పెడతారట. దాని గీత లేవకూడదు. ఆ రోజు అదీ లేచింది.

మందులు ఆలస్యమవుతాయని కోప్పడ్డాను. నీళ్ళ కోసం మనిషిని ఆపుతావా అన్నాను.

"నీళ్ళలో గూడా జబ్బు కనపడతాండాదంటే, నా చెయ్యి యాడో తప్పు చేసినట్టే అయివారూ. అమ్మకు లేని రోగం నేనెట్ల రాసేది? ఒక్కక్షరం తప్పితే పద్యమంతా మళ్ళా చదివించినారు గదా. ఇప్పుడు మీకేం తొందర?"

ఇన్ని పురాణాలు చెప్పినవాణ్ణి. ఆ పిల్ల మాట విని రిపోర్టు లేకుండానే ఇంటికి వెళ్ళాను.

మళ్ళీ శాంపిల్, మళ్ళీ పరీక్ష. క్షయ లేదు. డాక్టరుతో మాట్లాడి రక్తమూ పరీక్షించింది. కాచని మేకపాల నుంచి వచ్చే బ్రూసెల్లా అనే బాక్టీరియా బయటపడింది. మందు మారింది. మనిషి దక్కింది.

నిన్నటి నుంచి మా ఇంటావిడ అన్నం ముట్టలేదు.

ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఎస్తేరు ఫోన్ చేసేది. ఆ పద్యమే అప్పజెప్పేది. నాలుగో పాదం దగ్గర ఆగేది. నేను అందించేవాణ్ణి.

నిజంగా మరిచేదో, నా గొంతు వినడానికే మరిచేదో.
ఎన్నడూ అడగలేదు.

ఈ ఆదివారం కూడా ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంటాను తల్లీ. తప్పులతోనే చదువు. మొదటినుంచి చదవమనను.

నీ ప్రభువు సన్నిధిలో నీకు శాంతి కలుగుగాక.

నీ కుర్చీలో రేపు కూర్చునే పిల్లలకు నీళ్ళ ట్యూబులో ఏ గీతా లేవకుండుగాక. లేచిన రోజున, ఎవరెంత తొందరపెట్టినా, మళ్ళీ మొదలుపెట్టే నిబ్బరం వారికి కలుగుగాక.