ఠాణా బల్ల మీద నా కొడుకు చదువు

బుడ్డోడా, నువ్వు పోయావని సిరిసిల్లలో నీ కాలేజీ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను చేటలో బియ్యం పోసుకుని మట్టిగడ్డలు ఏరుతున్నాను. "సారుకు కొంచెం పానం బాగలేదమ్మా, కారు పంపుతున్నం, రాండ్రి" అన్నాడు ఎవరో. పానం బాగలేనివాణ్ణి దవాఖానకు తీసుకుపోతారు గాని వాని ముసలి తల్లికి కారు పంపుతారా? నాకు అప్పుడే తెలిసింది. క్లాసు చెప్పి వచ్చి కుర్చీలో కూర్చున్నావట. చేతికంటిన సుద్ద కూడా కడుక్కోలేదట.

నా కొడుకు పోయి నెల దాటింది. ఇప్పుడు ఆ కాలేజీ పిల్లలు తమ లెక్కల సారు జ్ఞాపకంగా పుస్తకం వేస్తున్నారు. కొత్తగా చేరిన పిల్లలకు పనికొచ్చేటట్టు, సారు టైం ఎట్లా వాడుకునేవాడో, చదివే అలవాటు ఎట్లా చేసుకున్నాడో రెండు మంచి మాటలు రాసివ్వమని నా దగ్గరికి వచ్చారు. నేను నాలుగో తరగతితో బడి మానినదాన్ని. మంచి మాటలు నా దగ్గర లేవు. జరిగింది రాస్తాను. కోపం వచ్చినవాళ్లు పక్కన పెట్టండి.

అసలు నేను రాయకపోదును. సంతాప సభ నన్ను రాయించింది.

ఆ సభలో తెల్లబట్టలు వేసుకున్న ఒకాయన దండ తెచ్చి నా కొడుకు ఫోటోకు వేసి మైకు పట్టుకున్నాడు. మీసాలకు రంగేశాడు. ముఖం చూస్తే తెలియలేదు గాని గొంతు వినగానే నా ఒళ్లు మండింది. నా కొడుకు డిగ్రీ చదివే రోజుల్లో మా మండలంలో పనిచేసిన ఎస్సై. ఇప్పుడు రిటైరయ్యాడట. మీ సారుకు డిసిప్లిన్ వచ్చింది మా ఠాణా నుంచే అన్నాడు. వారం వారం టైముకు వచ్చి సంతకం పెట్టేవాడు, నేను పుస్తకం గుంజుకున్నాను గనుకనే పుస్తకం మూసి చదవడం నేర్చుకున్నాడు అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన తర్వాత ఒకప్పటి అన్నల మనిషి, అంటే నక్సలైట్లలో ఉండి వచ్చినవాడు లేచి, ఆ పిల్లవాని ధైర్యం మేము పోసిందే అన్నాడు. దానికీ చప్పట్లు. నేను లేచి నిలబడితే "పెద్దమ్మా, కూసో" అని ఎవరో భుజం పట్టి కూర్చోబెట్టారు. ఫోటోలో ఉన్నవాడు జవాబు చెప్పలేడు. నేను చెప్తున్నా.

మా ఊరు కోరుట్లకు అవతల. మా ఆయన తాళ్లెక్కి కల్లు గీసేవాడు. నా కొడుకు ఇంటరు దాకా కోరుట్లలో చదివి డిగ్రీకి జగిత్యాల పోయాడు. మల్యాల వైపు పిల్లవానితో కలిసి ఒక రూము తీసుకున్నాడు. మీ సారు పుట్టుకతోనే పద్ధతి గలవాడని అనుకోకండి. మొదటి నెలలన్నీ పాడు చేసుకున్నాడు. ఒకనాడు ఈ సంఘం బందు, మరొకనాడు ఆ సంఘం బందు. బందు అంటే పొద్దెక్కేదాకా పడుకోవడం, లేచి చాయ హోటల్లో కూర్చోవడం, మాపటికి సినిమా. కాలేజీ నడిచిన రోజు పోతే చెప్పేది తలకెక్కదు. పరీక్ష ముందర రెండు రోజులు నిద్ర లేకుండా పుస్తకమంతా మింగుదామని కూర్చున్నాడట. కళ్లు తిరిగి, రాసీ రాయక ఇంటికి వచ్చాడు.

"నాకు రాదవ్వా ఆ సదువు. నేను గూడ చెట్లెక్కుత" అన్నాడు.

నేను ఏడ్చాను. వాళ్ల బాపు కత్తి నూరుకుంటూ తల ఎత్తలేదు.

"చెట్టు గీసుడు గంత అల్కగ కనవడ్డదారా? పొద్దున గీయాలె, మాపున గీయాలె. పలసగ గీయాలె. నాలుగు దినాలు ఎగవెట్టి, అయిదోనాడు మందంగ గీత్తనంటే గెల ఎండిపోతది, సుక్క పారది. నువ్వు సదువును గట్లనే జేసినవ్."

అంతే అన్నాడు. బతిమాలలేదు. కల్లు గీత తెలియనివాళ్లకు చెప్తున్నా, గెల కొసను రోజూ రెండు పూటలా పలచగా చెక్కితేనే చెట్టుకు కల్లు పారుతుంది.

మా బుడ్డోడు మరునాడే జగిత్యాల బస్సెక్కాడు. అప్పటి నుంచి పొద్దున కొన్ని పేజీలు, మాపున కొన్ని పేజీలు. ఎక్కువ లేదు, తప్పడం లేదు. బందైనా అంతే, పండుగైనా అంతే. ఇంటికి వచ్చినా అంతే. ఒకసారి మా అన్న వచ్చి గడపలో నిలబడితే "కూసో మామా, గీ పేజీ అయినంక అస్త" అన్నాడు. మా అన్న "కలెక్టరైనవా ఏందిరా" అని నీళ్లు కూడా ముట్టకుండా పోయాడు. పెండ్లిళ్లలో ఆ మాట చెప్పి చాలా రోజులు నన్ను సాధించారు. సాధించనీ అనుకున్నాను. వాడు బాగుపడుతుంటే మా అన్న అలక నాకు ఎక్కువా?

చలికాలంలో వాని రూములోని పిల్లవాడు చెప్పకుండా అన్నల్లో కలిశాడు. మా దిక్కు దాన్ని లోపలికి పోవడం అంటారు. పోలీసులు వచ్చి మిగిలినవాణ్ణి, అంటే నా కొడుకును, పట్టుకుపోయారు. కొన్నాళ్లుంచుకుని వదిలారు. వదిలేటప్పుడు, ప్రతి సోమవారం మా మండలం ఠాణాకు వచ్చి సంతకం పెట్టాలన్నారు. లోపలికి పోయిన పిల్లవాడు ఏడాది తిరగకముందే కాల్పులలో చచ్చిపోయాడు. వాని తల్లిని ఇంతవరకు ఏ సభకూ ఎవరూ పిలవలేదు.

నా కొడుకు రూము ఖాళీ చేసి ఊరికి వచ్చాడు. రోజూ బస్సులో జగిత్యాల పోయి వచ్చేవాడు. దీపం పెట్టుకుని చదువుదామంటే ఆ దినాలలో దీపం కూడా మనది కాదు. ఇంట్లో వెలుగు కనబడితే అన్నలకు అన్నం వండుతున్నామని పోలీసులు, పోలీసులకు సైగ చేస్తున్నామని అన్నలు. పొద్దు ఉన్నంతసేపే చదువు. అందులో సోమవారం మొత్తం ఠాణా మింగేది. సంతకం పెట్టడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి? ఎస్సై వచ్చేదాకా బల్ల మీద కూర్చోబెట్టేవాళ్లు. ఆయన పొద్దున వస్తే పొద్దున, మాపున వస్తే మాపున.

గీత తప్పొద్దని నా కొడుకు ఆ బల్ల మీదికి లెక్కల పుస్తకం తీసుకుపోయాడు. మొదట జవాను దాన్ని తలకిందులు చేసి దులిపాడట, లోపల ఏమన్నా కాగితాలున్నాయేమోనని. తర్వాత ఎస్సై చూసి, ఇదేమన్నా లైబ్రరీయా అని గుంజుకున్నాడు. పుస్తకం లేకుండా వాడు ఏం చేశాడంటే, పొద్దున చదివి వచ్చింది మొదటి నుంచి మనసులో చెప్పుకోవడం మొదలుపెట్టాడు. ఎక్కడ ఆగిపోతే అక్కడ గుర్తు పెట్టుకుని ఇంటికి వచ్చి అదే మళ్లీ చదివేవాడు. పెదవులు కదులుతున్నాయని, మమ్మల్ని తిడుతున్నావా అని చెంప మీద కొట్టారు. నేను వాపు చూసి అడిగితే బస్సు కడ్డీ తగిలిందన్నాడు. ఆ తర్వాత పెదవులు కదపకుండా నేర్చుకున్నాడు.

పుస్తకం మూసి చెప్పుమని మీ సారు మిమ్మల్ని సతాయించేవాడు గదా. ఏదో ట్రైనింగ్‌లో నేర్చుకున్నాడని మీరు అనుకున్నారు. నేర్పింది నేనే అని ఆ రంగుమీసాలాయన అంటున్నాడు. దెబ్బ ఆయనది. చదువు వానిది. కాలు విరగ్గొట్టినవాడు, కుంటుతూ నడవడం నేనే నేర్పానంటే మీరు వాని చేత దండ వేయిస్తారా?

అన్నల మనిషి మాట కూడా చెప్తా. ఒకనాడు పొద్దుగూకే ముందు ఇద్దరు వచ్చారు. పక్క ఊరిలో మీటింగు ఉంది, చదువుకున్నవాడివి, వచ్చి నాలుగు మాటలు మాట్లాడు అన్నారు. వాడు ఇది నా చదువు పూట, రాను అన్నాడు. జనం సస్తుంటే నీకు లెక్కలు కావాల్నా అని తుపాకి ఉన్నవాడు ఎగతాళి చేశాడు. నా కొడుకు లేవలేదు. వాళ్లు పోయిన తర్వాత చూస్తే వాని చేతులు వణుకుతున్నాయి. పేజీ మాత్రం తిప్పాడు. ఆ వణుకును పట్టుకుని మేము పోసిన ధైర్యం అంటున్నారు.

మీకు ఇప్పుడు నెత్తి మీద ఫ్యాన్ తిరుగుతుంది. రాత్రి లైటు వేసుకుంటే ఎవరూ తలుపు కొట్టరు. పుస్తకం ఎవరూ గుంజుకోరు, చేతిలో సెల్లు పెట్టుకుని మీకు మీరే గుంజుకుంటారు. టైం లేదమ్మా అని నాతోనే అన్నాడు మీలో ఒకడు. నాకు ఎంత కోపం వచ్చిందో వానికి తెలియదు.

ఆ ఏడు చివరి పరీక్షలలో లెక్కల పరీక్ష సోమవారం వచ్చింది. వాడు ముందు వారమే ఎస్సైని అడిగాడు. ముందు ఇక్కడికి వచ్చి సంతకం పెట్టు, తర్వాత ఎక్కడికన్నా పో అన్నాడు ఆయన. ఆయన వచ్చేసరికి జగిత్యాలలో పరీక్ష అయిపోతుంది. రాయకపోతే ఆ సబ్జెక్టు పోతుంది. రాయడానికి పోతే పారిపోయాడని జీపు వస్తుంది. 

నేనే పోయి బల్ల మీద కూర్చుంటానన్నాను. మా ఆయన ఒప్పుకున్నాడు. "నేను పోతే లోపటేసి తంతరు. ఆడిదానివి, నిన్నయితే తిడుతరు. తిట్లు తింటే ఏం గాదు" అన్నాడు. అని, మోకు భుజాన వేసుకుని తన చెట్లకు తాను పోయాడు.

ఆ పొద్దున పొయ్యి కూడా ముట్టించలేదు. వాణ్ణి జగిత్యాల బస్సెక్కించి నేను ఠాణాకు నడిచిపోయి ఆ బల్ల మీద కూర్చున్నాను. పొద్దు బాగా ఎక్కిన తర్వాత ఎస్సై వచ్చాడు.

"వాడేడి?"

"పరీచ్చ రాయవోయిండు సారు. వానికి బదులు నేనచ్చిన."

"బదులేంది? ఇదేమన్న నాట్లేసే కూలా, ఒకలు రాకుంటె ఇంకొకలచ్చెటందుకు?"

"గట్లనే అనుకో సారు."

"జీపు తీయుమంటవా? హాల్ల నుంచి మెడవట్టి గుంజుకస్త."

జవాన్లంతా నా దిక్కే చూస్తున్నారు.  అయినా నా నోరు ఆగలేదు.

"గుంజుకరా సారు. ఆ హాలు నిండ పోరగాళ్లే ఉన్నరు. అందరు సూడంగ గుంజుకరా. రేపు అండ్లకెళ్లి ఎంతమంది అడివికి పోతరో నువ్వే ఎతుక్కో."

ఆయన నన్ను కొడతాడనుకున్నాను. జీపు తాళం చేతిలో ఆడించి జేబులో వేసుకున్నాడు. "నోరు బాగనే లేస్తుంది. వాడచ్చేదాక ఈడికెళ్లి కదిలితే సూడు" అని లోపలికి పోయాడు. జీపు కదలలేదు.

గోడకు ఆనుకోనివ్వలేదు. నీళ్లు అడిగితే విననట్టు పోయారు. పొద్దు జరగదు. ప్రతి సోమవారం నా కొడుకు ఇట్లా కూర్చున్నాడు గదా అని అప్పుడు అర్థమైంది. వానికైతే చెప్పుకోవడానికి పాఠం ఉంది. నాకేముంది? ఇంటి పని అంతా మనసులో చేసుకున్నాను. వాకిలి ఊడ్చాను, పేడనీళ్ల సాన్పు చల్లాను, బర్రెకు గడ్డి వేశాను, అంట్లు తోమాను. అయిపోతే మళ్లీ వాకిలి నుంచి మొదలుపెట్టాను.

మధ్యాహ్నం దాటాక వాడు బస్సు దిగి నేరుగా ఠాణాలోకి వచ్చాడు.  పోయి సంతకం పెట్టాడు.

"ఎట్ల రాసినవ్‌రా?" అన్నాడు ఎస్సై.

"పుస్తకం మూసే రాసిన సారు" అన్నాడు నా కొడుకు.

ఆయన పొండ్రి అన్నట్టు చెయ్యి ఊపాడు.

బస్టాండు ఎదురుగా ఒక రేకుల హోటలు ఉండేది. ఇద్దరం పోయి కూర్చున్నాం. పూరీలు పొంగుతూ వచ్చాయి. వాడు సిరా అంటిన వేళ్లతోనే తుంచి, పొగ పోయేదాకా ఊది, ఆలుగడ్డ కూరలో అద్దుకుని తిన్నాడు. మా ఊరి బస్సు వచ్చి నిలబడింది. నేను లేవబోతే "పోనీయే అవ్వా, ఇంకోటి అస్తది" అని నన్ను కూర్చోబెట్టి నా పళ్లెంలో ఇంకో పూరీ వేశాడు. బస్సు పోయింది. వాడు దాని దిక్కు కూడా చూడలేదు. మోచేతుల దాకా ఎండ పడుతుంటే, తొందర లేకుండా, నములుతూ కూర్చున్నాడు.

పిల్లలూ, మీ పూట చదువు చదివి, మీరు కూడా అట్లనే తొందర లేకుండా కడుపునిండా తినండి.