వేడి ఎటు తిప్పాలో తెలిసిన మా బావ

మా బావ రేకుల పని చేస్తాడు. బకెట్లకు అడుగులు వేయడం, గరాటులు చేయడం, పొగగొట్టాలు వంచడం, కారే డబ్బాలకు మాట్లు వేయడం. ఆయన గురించి చెప్పమంటే నాకు ముందు కోపం వస్తుంది, తరువాత నవ్వొస్తుంది, ఆ తరువాత ఏడుపొస్తుంది. మూడూ ఒకదాని వెనక ఒకటి తోసుకొస్తాయి కాబట్టి నేను చెప్పేది కాస్త అడ్డదిడ్డంగా ఉంటే సర్దుకోండి. బావ అంటే మా అక్క భర్త. నేను వాళ్ళ గోడ పక్క గదిలో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్నదాన్ని. ఆ ఇంట్లో ఎవరు తుమ్మినా దగ్గినా నాకు వినపడాల్సిందే.

మా గదులన్నీ ఒక ఖాళీ జాగా చుట్టూ ఉంటాయి. ఒక వైపు బావ షెడ్డు, దాన్ని ఆనుకుని వాళ్ళ రెండు గదులు, తరువాత నా గది. ఎదురుగా ఇస్త్రీ చేసే పెద్దాయన కొట్టు, ఆ పక్కన ఇంకో నాలుగు కాపురాలు. చలికాలంలో మా గోడలు చెమ్మెక్కి లోపల కూర్చుంటే ఎముకలు కొరికినట్టుండేది. అందుకని సాయంత్రం పనులు ముగిశాక అందరం జాగా మధ్యలో గుంట తవ్వి, చుట్టూ ఇటుకలు పేర్చి, చలిమంట వేసుకునేవాళ్ళం.

మంట వేసుకోవడమే గానీ సుఖం లేదు. మొహం మాడిపోయేది, వీపు గడ్డకట్టేది. ఇస్త్రీ పెద్దాయన తను బట్టను తిరగేసినట్టే తనను తాను తిరగేసుకునేవాడు, కాసేపు ఇటు, కాసేపు అటు. బావ ఇదంతా చూసి చూసి ఒకరోజు విసుక్కున్నాడు.

"ఇంత కట్టె తగలేసి ఆకాశాన్ని వెచ్చబెడుతున్నాం. నాకు చలేస్తోందని ఆకాశం మీతో చెప్పిందా?"

"చెప్పలేదు గానీ, నువ్వేం చేస్తావేంటి, ఆకాశానికి మూత పెడతావా?" అన్నాను నేను. నా నోరు ఊరుకోదు.

మూత పెట్టలేదు గానీ దాదాపు అంత పనీ చేశాడు. పాత రేకు ఒకటి తీసుకుని అర్ధచంద్రంలా వంచాడు. లోపలి వైపు బూడిదతో తోమి తోమి మన మొహం మనకు కనపడేలా మెరిపించాడు. దాన్ని రెండు ఇనప కడ్డీలకు నట్లతో బిగించి, మంటకు వెనకవైపు, కాస్త ముందుకు వాల్చి నిలబెట్టాడు. కింద గాలి ఆడటానికి సందు వదిలాడు. మంటకు ఇవతల మేం కూర్చునే బల్ల, బల్ల వెనక ఇంకో రేకు. మంట వేడి వంపు రేకుకు తగిలి మా మీదికి వచ్చేది, మమ్మల్ని దాటిపోయినది వెనక రేకుకు తగిలి మా వీపులకు అందేది. పొగ తన దారిన తను పైకి పోయేది. మొదటి సాయంత్రం ఇస్త్రీ పెద్దాయన అటూ ఇటూ తిరక్కుండా ఒకే చోట కూర్చుని కునుకు తీశాడు. అంతకంటే మెచ్చుకోలు ఏం కావాలి?

అయితే ఒక చిక్కుంది. ఏళ్ళ తరబడి టంకం వేసి, కాలిన రేకులు పట్టుకుని బావ అరచేతులు తోలు ముక్కలైపోయాయి. ఎర్రటి నిప్పు కణిక గుంటలోంచి ఎగిరిపడితే రెండు వేళ్ళతో తీసి వెనక్కి వేసేవాడు. వేడి సమంగా ఉందో, ఎక్కువైందో, తక్కువైందో ఆయనకు చేతికి తెలిసేది కాదు. అందుకని అక్కను పిలిచేవాడు.

"ఏమే, ఇలా రా. ఇక్కడ కూర్చో. మోకాళ్ళకి తగులుతోందా?"

"తగులుతోంది."

"మొహానికి?"

"మొహం మాడిపోతోందయ్యా!"

"మాడితే మాడింది. ఇప్పుడు కొత్తగా నిన్నెవరు చూడ్డానికొస్తున్నారు?"

"చూశావుటే మీ బావ మాటలు! దించు, రేకు కిందికి దించు. ఇంకొంచెం. ఊఁ."

ఆ ఊఁ వచ్చేదాకా బావ నట్టు బిగించేవాడు కాదు. అక్క ఊఁ అంటే ఇక ఎవరేమన్నా వినేవాడు కాదు.

సంగతి వీధులు దాటింది. చలికాలం వచ్చిందంటే కబుర్ల మీద కబుర్లు. టీకొట్టు ముందు కూర్చునేవాళ్ళకని ఒకరు, ఆసుపత్రి ఆవరణలో రోగుల తాలూకు మనుషులు వణికిపోతున్నారని ఒకరు, కూరగాయల బజారులో తెల్లారి దిగే హమాలీల కోసమని ఒకరు పిలిచేవారు. బావ ఎక్కడికి వెళ్ళినా అక్కను వెంటబెట్టుకునే వెళ్ళేవాడు. అక్క పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని, వాళ్ళు వేసిన కుర్చీలో నిటారుగా కూర్చుని, "కుడి భుజానికి రావడం లేదు" అని తీర్పు చెప్పేది. నలుగురు మగవాళ్ళు పరుగెత్తి రేకు జరిపేవారు. నేను ఒకసారి చూసి పొట్ట పట్టుకుని నవ్వాను. "మహారాణి గారికి ఎడమ చెవి వెచ్చబడిందా?" అని ఏడిపించాను కూడా.

కానీ అక్కకు అదెంత గొప్పో నాకు తెలుసు. మా పుట్టింట్లో అక్కను ఏ సంగతీ ఎవరూ అడిగేవారు కాదు. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది. పెళ్ళి సంగతి కూడా ఆమెకు చెప్పారు గానీ ఆమెను అడగలేదు. నోట్లో నాలుక లేని పిల్ల అని పేరు. దేవుడు రెండు నాలుకలూ నాకే పెట్టాడని మా అమ్మ అనేది. అలాంటి మనిషిని బావ రోజూ అడిగేవాడు. సరిపోయిందా, తగులుతోందా, నువ్వు చెప్పు, నువ్వు చెబితేనే. పిల్లలు కలగలేదన్న దిగులు కూడా ఆ కుర్చీలో కూర్చున్నంత సేపు ఆమె మొహంలో ఉండేది కాదు.

తరువాత అక్కకు షుగరు వచ్చింది. మందులు మింగేది, ఒకపూట మరిచిపోయేది, మా అందరి ఇళ్ళలో జరిగేదే. ఒకరోజు బజారు నుంచి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చింది. రెండో చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలియదంది. మేం పగలబడి నవ్వాం. "బావా, మీ ఆవిడ చెప్పుతో పాటు కాలు కూడా వదిలేసి వచ్చిందేమో చూసుకో" అన్నాడు పక్కింటి అబ్బాయి. అక్క కూడా నవ్వింది.

ఆ చలికాలం అక్క ఒకటే మాట పట్టుకుంది. కాళ్ళు చల్లగా ఉన్నాయి, పాదాలు మంచులా ఉన్నాయి. రెండేసి ఊలు మేజోళ్ళు తొడిగినా అంతే. బావకు అది తల కొట్టేసినట్టయింది. "ఊరందరికీ వెచ్చబెట్టి ఇంట్లోదాని కాళ్ళు వెచ్చబెట్టలేకపోతే నేనెందుకు?" అని షెడ్డులో కూర్చుని ఆమె పాదాల కోసమనే చిన్న వంపు రేకు చేశాడు. పెద్ద రేకు కంటే బాగా మెరిపించాడు. ఆ సాయంత్రం దాన్ని మంట పక్కన నేల మీద పెట్టి, అక్క కుర్చీని ఎదురుగా వేశాడు.

"తగులుతోందా?"

"ఇంకా రాలేదు."

జరిపాడు. "ఇప్పుడు?"

"రాలేదయ్యా. మోకాళ్ళ దాకా వస్తోంది, కిందికి లేదు."

బావ తన అరచెయ్యి ఆమె పాదాల ముందు పెట్టి చూశాడు. ఆ తోలు చేతికి ఏం తెలుస్తుంది? "నిజమే, ఏం లేదు" అని కుర్చీ కాస్త ముందుకు లాగి, రేకు ఇంకాస్త వంచి, నాలుగు కట్టెలు ఎగదోశాడు. అక్క నాతో కబుర్లలో పడింది. జాకెట్టు చేతులు పొట్టిగా కుట్టానని నన్ను సతాయిస్తోంది. కాసేపటికి ఇస్త్రీ పెద్దాయన ముక్కు ఎగబీల్చాడు.

"ఉన్ని కాలుతున్న వాసన! అయ్యో, పెట్టె బట్ట మీద వదిలేసినట్టున్నాను!" అని కొట్టులోకి పరుగెత్తాడు.

అక్క కూడా అటూ ఇటూ చూసింది. "అవునే, ఎక్కడినుంచి వస్తోంది?" అంది.

నేను కిందికి చూశాను. మేజోడు ముందు భాగం నల్లబడి పాదానికి అతుక్కుపోయింది. లాగితే దానితో పాటు చర్మం వచ్చింది. నేను కెవ్వుమన్నాను. బావ ఆమె కాలిని పట్టుకుని బిగుసుకుపోయాడు. అక్క మాత్రం, "ఏమైందే, ఎందుకలా అరుస్తున్నావు?" అని నన్ను అడుగుతోంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మా మీద కేకలేయలేదు. వేసినా బాగుండేది. "షుగరు వల్ల చీలమండల కింద స్పర్శ పోయింది. పోయి చాలా రోజులై ఉంటుంది. చల్లగా అనిపించడమూ దానివల్లే, చలివల్ల కాదు. చెప్పులు జారిపోతే తెలుస్తోందా ఈవిడకి?" అంది. మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పుండు మానలేదు. ముందు వేళ్ళు తీశారు, తరువాత సగం పాదం తీశారు.

బావ ఇంటికొచ్చి రేకులన్నీ సుత్తితో చదును చేసి మూల పడేశాడు. మరుసటి చలికాలం జాగాలో మంట లేదు. ఎవరికీ అడగడానికి నోరు రాలేదు. చివరికి అక్కే పట్టుబట్టింది. "నా ఒక్కదాని కాలి కోసం ఇంతమంది వణకాలా? వెలిగించయ్యా." బావ మొహం మాడ్చుకుని మళ్ళీ వంచాడు, మళ్ళీ మెరిపించాడు, మళ్ళీ నిలబెట్టాడు. కానీ అక్క కుర్చీని మాత్రం వేడి అందని దూరంలో, గోడ వారగా వేశాడు.

"ఇక్కడికి ఏమీ రావడం లేదయ్యా" అనేది అక్క.

"దుప్పటి కప్పుకో" అనేవాడు బావ, ఆమె వైపు చూడకుండా.

అంతే. తగులుతోందా అని అడగడం మానేశాడు. బయట పనులకు ఒక్కడే వెళ్ళేవాడు, అక్కడున్న ఎవరినో కూర్చోబెట్టి కొలుచుకునేవాడు. వీళ్ళిద్దరూ కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. మందులు చేతికిచ్చేవాడు, కట్టు మార్చేవాడు, కర్ర పట్టుకుని నడిపించేవాడు. ఆ కాలిని ఆయన చూసుకున్నట్టు కన్నతల్లి కూడా చూసుకోదు. అయినా అక్క రోజురోజుకీ ముడుచుకుపోయింది. ఒక మధ్యాహ్నం నా గది గుమ్మంలో కూర్చుని, "మీ బావ నన్నిప్పుడు ఏదీ అడగడం లేదే" అంది.

"దేని గురించి?"

"దేని గురించీ. కూరలో ఉప్పు సరిపోయిందా అని కూడా అడగడు. నా మాట మీద గురి పోయిందే ఆయనకి."

నాకు కడుపు మండిపోయింది. మిషను వదిలేసి సరాసరి షెడ్డులోకి వెళ్ళాను. "ఏం బావా, పోయింది సగం పాదమేగా, మనిషి మొత్తం పోయిందనుకున్నావా? మోకాళ్ళకి, చేతులకి, మొహానికి అన్నీ తెలుస్తాయని డాక్టరమ్మ చెప్పలేదూ? మూలన పెట్టిన చీపురులా ఆ గోడ పక్కన కూర్చోబెడతావా మా అక్కని?" అని దులిపేశాను. ఆయన చేతిలో ఉన్న గరాటును ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "ఈ రోజు కుర్చీ ముందుకి వేస్తాలే" అన్నాడు.

వేశాడు. అక్క కాలికి దుప్పటి మందంగా చుట్టి, మంటకు ఎడంగా ఉంచి, పెద్ద రేకును ఆమె నడుము పైకి వేడి వచ్చేలా తిప్పాడు. అక్క మొహం చూడాలి ఆ క్షణంలో! కొంగు సర్దుకుంది, నిటారుగా కూర్చుంది, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఆయన వైపు చూస్తూ సిద్ధంగా ఉంది. బావ నట్టు పట్టుకుని నిలబడ్డాడు. నోరు తెరిచాడు. తెరిచి, నా వైపు తిరిగాడు.

"మరదలా, మీ అక్క మోకాళ్ళ దగ్గర చెయ్యి పెట్టి చూడమ్మా. వేడి ఎక్కువైందేమో."

నా రెండు నాలుకలూ ఏమైపోయాయో ఆ పూట. తిట్టాల్సిందాన్ని తిట్టకుండా చెయ్యి చాపబోయాను.

"నేనిక్కడే ఉన్నాగా" అంది అక్క, నెమ్మదిగా. కాసేపు మంట వైపు చూసి, "నన్ను లోపలికి తీసుకెళ్ళవే, చాలు" అంది. ఆ తరువాత ఎన్నిసార్లు పిలిచినా మంట దగ్గరికి రాలేదు. బావ కుర్చీ వేసేవాడు, కాసేపాగి తనే తీసేసేవాడు. వానాకాలంలో షుగరు మూత్రపిండాల దాకా పాకింది. మళ్ళీ చలి మొదలయ్యే లోపలే అక్క వెళ్ళిపోయింది.

మొన్నీమధ్య బావ నా గదికి వచ్చాడు. చొక్కా గుండీ కుట్టించుకోవడానికని వచ్చాడు గానీ, గుండీ కుట్టి ఇచ్చినా కదలడు. చొక్కా చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"ఆ రోజు ఆవిణ్ణి అడక్కుండా నిన్నెందుకు అడిగాను మరదలా?" అన్నాడు.

"భయపడి ఉంటావు బావా."

"అవును. మళ్ళీ 'ఇంకా రాలేదు' అంటుందేమోనని. అంటే నేనేం చెయ్యాలి? నమ్మి జరపనా, నమ్మకుండా ఊరుకోనా?" కుట్టిన గుండీని పెట్టాడు, తీశాడు. "భయమేస్తోందే అని ఆవిడతో ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. తన మాటకి నా దగ్గర విలువ లేదనుకుంటూ పోయిందేమో. అలా అనుకుందంటావా?"

లేదు బావా, అలా అనుకోలేదు అని ఒక్క మాట అంటే ఆయన ప్రాణం కుదుటపడేది. అందామని నోరు తెరిచాను. కానీ అక్క అలాగే అనుకుంది, ఈ గుమ్మంలోనే కూర్చుని నాతో అంది, లేదని ఆయనతో అబద్ధం ఆడలేకపోయాను.