ఎజ్రా పెళ్లిలో ఇత్తడి గ్లాసు

ఒక పెళ్లికొడుకును కుంటివాణ్ణి చేసి, ఒక ముసలావిడను ఏడిపించి, ఒక వంశానికి లేని ఆచారాన్ని అంటగట్టిన ఘనుణ్ణి నేనే. అదీ ఒక్క పూటలో, మంచి చేద్దామనుకుని చేశాను. మీరూ నవ్వుకోండి, రంగూన్లో మా పబేడాన్ వీధి వీధంతా ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అవి పంతొమ్మిది వందల ఇరవైల నాటి రోజులు. మాది ఇత్తడి సామాన్ల కొట్టు. పక్కనే ఎజ్రా వాళ్ల బట్టల కొట్టు. వాళ్లు బాగ్దాదు నుంచి వచ్చిన యూదులు. వచ్చింది వాళ్ల తాతలు. ఎజ్రా మటుకు రేవులో మూటలు మోసే మా తెలుగు కళాసీల పిల్లలతో గోళీలాడి పెరిగాడు. దెబ్బ తగిలితే తెలుగులోనే ఏడుస్తాడు. వాళ్ల ప్రార్థన మందిరం గుమ్మం ఏడాదికోసారి కూడా తొక్కడు. అడిగితే, "దేవుడితో గొడవేటీ నేదురా, రాకపోకలు నేవంతే" అంటాడు.

అలాంటివాడు ఖిన్‌మ్యా అనే బర్మా అమ్మాయిని ప్రేమించాడు. ఇటు పంతులూ వద్దు, అటు భిక్షువూ వద్దు, ఇంట్లోనే నలుగురి ముందు పెళ్లి అన్నాడు. అందరూ ఒప్పుకున్నారు, వాళ్ల నాన్నమ్మ తప్ప. ఆవిణ్ణి మేమంతా మామ్మ అనేవాళ్లం. మా కళాసీలతో దెబ్బలాడీ దెబ్బలాడీ మాకంటే గట్టి తెలుగు నేర్చిన మనిషి.

మామ్మ చివరికి ఒక్క షరతు మీద దిగొచ్చింది. ఆ షరతు అప్పట్లో నాకు తెలీదు. మీకు ముందే చెప్పేస్తాను, లేకపోతే నా గొప్పతనం మీకు అర్థం కాదు. యూదుల పెళ్లిలో ఆఖర్న పెళ్లికొడుకు గుడ్డలో చుట్టిన గాజు గ్లాసును కాలితో తొక్కి పగలగొట్టాలి. "పంతులొద్దన్నావు, మంతరమొద్దన్నావు. ఆ గలాసు సప్పుడొక్కటైనా నా సెవిని పడనీరా. అదీ నేకపోతే రేపు నీ పిల్లలు మనోళ్లేనని నానెలాగనుకునేది?" అని మనవడి చెయ్యి పట్టుకుని ఏడ్చిందట.

పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు అంటారు. నేను కొత్త ఇత్తడి గ్లాసు పెట్టుకెళ్లాను, కానుకగా. తీరా లోపలికి వెళ్లి చూస్తే ఏముంది? పెళ్లికొడుకు నిలబడే చోట, సరిగ్గా కాలి దగ్గర, రుమాల్లో చుట్టిన గాజు గ్లాసు! మా ఇళ్లలో శుభకార్యంలో గాజు పగిలితే పేరంటాళ్లు ఏడాది పొడుగునా చెప్పుకుంటారు. గబగబా దాన్ని తీసి అల్మారాలో పెట్టాను. ఏదో తంతు కోసం ఉంచినట్టున్నారు, ఖాళీగా వదిలితే బాగుండదని అదే రుమాల్లో నా ఇత్తడి గ్లాసు చుట్టి పెట్టాను. ఏనుగు తొక్కినా చెక్కుచెదరదు. కొట్లో మా నాన్న రోజూ చెప్పే మాటే అది.

ఉంగరాలు మార్చుకున్నారు. ఎజ్రా మామ్మ వైపు చూసి నవ్వి, కాలెత్తి దబ్బున తొక్కాడు.

"అమ్మో!"

ఎజ్రా ఒంటికాలి మీద గెంతుతున్నాడు.

"ఏటైంది? సప్పుడేదిరా?" అంది మామ్మ.

"పగల్నేదు మామ్మా!"

"పగల్నేదేటి? గాజుకి కూడా మన ఆచారమంటే లెక్క నేదా?"

రుమాలు విప్పారు. తళతళా మెరుస్తూ నా గ్లాసు, దాని అడుగున మా కొట్టు ముద్ర! తలలన్నీ నా వైపు తిరిగాయి.

"అప్పన్నా, ఇదేట్రా?"

"పగిల్తే అపసకునమనీ... నానే మార్చీసినాను మామ్మా. ఇది గట్టిది."

"గట్టిదే నాయనా. నా మనవడి కాలే మెత్తంది."

అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నారు పెద్దలు. గ్లాసు తొక్కనేల కాలు వాచనేల అని ఎవరూ అనలేదు గనక ఎజ్రా కుర్చీలో కూలబడ్డాడు. నవ్వబోయినవాళ్లు కూడా మామ్మ మొహం చూసి ఆగిపోయారు. ఆవిడ కర్ర అందుకుని లేచింది. "మిగిలిందదొక్కటే. అదీ పోనాది" అని కళ్లొత్తుకుంది. ఆ మాటకి నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

పరుగున వెళ్లి అసలు గ్లాసు తెచ్చాను. తొక్కాల్సినవాడు కాలు కదపలేడు. అప్పుడు ఖిన్‌మ్యా దాన్ని నా చేతిలోంచి లాక్కుని, తన కండువాలో చుట్టి, మామ్మ దారికి అడ్డంగా నేల మీద పెట్టింది. "మామ్మా, ఎల్లొద్దు. చెవి ఇటు" అంది వచ్చీరాని తెలుగులో. ఎగిరి ఒక్క తొక్కు తొక్కింది.

భళ్లుమంది!

"ఆడపిల్ల తొక్కడం మాలో నేదే" అంది మామ్మ నెమ్మదిగా. కర్రతో ఆ మూటను ఓసారి కదిపి చూసింది. "నేకపోతే ఏటి? ఆడు పగలగొట్టనేనిది ఇది పగలగొట్టింది. ఇక దీని పిల్లలు మనోళ్లు కాక ఇంకెవలోళ్లు?" అని ఖిన్‌మ్యాను గట్టిగా కావలించుకుంది.

కథ అక్కడితో ఆగితే నేనూ బాగుపడేవాణ్ణి. కొన్నాళ్లకు ఎజ్రా తమ్ముడి పెళ్లికి పిలిచారు. పెళ్లికూతురు కలకత్తా యూదుల పిల్ల, మహా నిష్ఠగల కుటుంబం. ఆఖర్న పెళ్లికొడుకు ముందుకొచ్చి, నా ఇత్తడి గ్లాసును తొక్కి "అమ్మో!" అని గట్టిగా అరిచాడు. తర్వాత పెళ్లికూతురు చేత గాజు గ్లాసు పగలగొట్టించారు. వియ్యాలవారు తెల్లబోయి, ఇదెక్కడి ఆచారమని అడిగారు.

"బాగ్దాదుది" అంది మామ్మ, రెప్పయినా వెయ్యకుండా. "మా ముత్తాతల కాణ్ణుంచీ ఉంది. ఆ మంతరం కూడా అలాగే సదవాల."

వియ్యంకుడు భక్తిగా కళ్లు మూసుకుని, "అమ్మో" అన్నాడు.

ఆ క్షణమే ఆ ఇత్తడి గ్లాసు మీద చెయ్యేసి ప్రమాణం చేశాను. ఇక ఎవరి పెళ్లిలోనూ నేల మీదున్న వస్తువు ముట్టను, ఆఖరికి విస్తరైనా ఎవరో వచ్చి నా ముందు వేస్తే తప్ప. ఒక మతానికి నేను చేసిన సేవ చాలు, మిగతావాటిని దేవుడే కాపాడుకోవాలి.