తబలాకు తలస్నానం

నేను చేసిన ఒక మంచి పనివల్ల ఊరి పండుగ ఎలా మునిగిపోబోయిందో చెబుతాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను.

డెబ్బైల చివర్లో భద్రాచలం అడవి అంచున ఓ పల్లె బడిలో నాకు కొత్తగా ఉద్యోగం. ఖమ్మం నుంచి ఆదివారం ఆదివారం ఖాదర్ సార్ బస్సులో వచ్చి మా పిల్లలకు పాట నేర్పేవారు. పేరు అడిగితేనే తలుపు వెనక దాక్కునే పిల్లల చేత కూడా గొంతు విప్పించారు. ఆ శ్రీరామనవమికి పందిట్లో వాళ్ల మొదటి భజన.

పండుగ రోజు సార్ తన తబలా జోడీని మా ఇంట్లో పెట్టి పందిరి చూడటానికి వెళ్లారు. తెల్లటి తోలు మీద నల్లటి మచ్చ. వారం వారం దాన్ని చూసి నా చేతులు దురద పెట్టేవి. పాపం ఒంటరి మనిషి, తోమిపెట్టేవాళ్లు ఎవరున్నారు? బూడిద, చింతపండు, కొబ్బరిపీచు తీశాను. రెండింటికీ మురికి అంత గుండ్రంగా ఎలా పట్టిందన్న అనుమానమైనా రాలేదు చూడండి, అదీ నా తెలివి!

తళతళలాడే తబలాలను ఎండలో పెట్టి, మెప్పు కోసం గుమ్మంలో నిలబడ్డాను. సార్ వచ్చారు, చూశారు, అరుగు మీద కూలబడ్డారు.

"గిదేంది టీచరమ్మా! సియాహి ఏది?"

"సియాహి అంటే ఏంది సార్?"

"నడుమ నల్లగ ఉంటది గదా, గది!"

"మురికే గద సార్? మొత్తం పోయింది!" అన్నాను గర్వంగా.

"మురికి గాదమ్మా. ఇనుప పొడి, గంజి కలిపి పొరలు పొరలుగ పెడ్తరు. తబలా పలికేదే దాంతోని."

వేలితో కొట్టి చూపించారు. తడిసిన అట్టపెట్టెలా "డబ్" మంది. నాకు ఏడుపు ఆగలేదు. "పిల్లల భజన నేనే పాడుజేసిన సార్!"

"ఏడ్వకు బిడ్డా. సియాహి మళ్ల పెట్టిస్త. పిల్లలు ఇయ్యాల పాడకుంటే మళ్ల నోరు విప్పరు. ఇంట్ల బిందె ఉందా?"

ఇత్తడి బిందె తెచ్చిచ్చాను. సార్ దాన్ని ఒళ్లో పెట్టుకుని పందిట్లో వాయిస్తుంటే పిల్లలు ముందు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో బెదురు పోయింది. ఊరు ఊరంతా చప్పట్లు కొట్టేలా పాడారు. నేను మళ్లీ ఏడ్చాను, ఈసారి సంతోషంతో.

బిందె తిరిగిస్తూ సార్ అన్నారు: "దీన్ని మాత్రం ఎంతన్న తోముకో బిడ్డా."

కొన్నాళ్లకు బాగుచేయించిన తబలాలతో వచ్చారు. తాగడానికి నీళ్లిద్దామని నేను చెంబుతో ఎదురెళితే, గభాలున జోడీని వెనక్కి దాచేశారు!

అంత మంచి మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆయన సాక్షిగా ఆనాడే ప్రతిజ్ఞ చేశాను: నల్లగా ఉన్నదేదీ, ఎవరిదైనా సరే, ఇక తోమను. నిన్న మా ఆయన మాడ్చిన పాలగిన్నెను అందుకే ఆయన్నే తోముకోమన్నాను.