అవ్వ నన్ను ఏడ్చిన సాయంత్రం

మొన్న మంగళవారం పొద్దున మా పక్కింటి అవ్వ దవాఖానలో కన్నుమూసింది. కబురు వినగానే నాకు ఏడుపు రాలేదు, భయమేసింది. ఎందుకో చెబితే మీరు నన్ను తిడతారు. తిట్టండి, పడతాను.

అవ్వ బీడీలు చుట్టేది. చేతులు ఆకు మీద, చూపు వీధి మీద. నేను ఫిడేలు సాధన చేస్తుంటే పిల్లి తోక తొక్కినవా ఏందని అడిగేది, ఆ వెంటనే గోడ మీంచి సర్వపిండి ముక్క అందించేది. బాన్సువాడలో మా వైపు ఎవరు పోయినా శోకం ఎత్తడానికి అవ్వే రావాలి. పోయినవాళ్ల మంచీ చెడూ అప్పటికప్పుడు రాగంలో పెట్టి ఏడ్చేది. పగవాళ్లు కూడా కండువాతో కళ్లు తుడుచుకునేవాళ్లు.

పోయినేడు హైదరాబాద్ నుంచి నాతో కలిసి వాయించే స్నేహితులు వచ్చారు. పంట ఇంకా మిల్లుకు రాని రోజులు కాబట్టి ఖాళీగా ఉన్న రైస్‌మిల్లు షెడ్డులో ఓ సాయంత్రం కచేరీ పెట్టాం. ముందే కట్టుకున్న పాట లేదు, తాళం లేదు. ఒకరిని విని మరొకరు అప్పటికప్పుడు వాయించడమే. ఒకడు ఇనుప డ్రమ్ము మీద ఫిడేలు కమాను లాగాడు. ఒకమ్మాయి మైకు ముందు ఉత్త ఊపిరే తీసింది. అప్పటికప్పుడు పాడటంలో మా అవ్వ ముందు వీళ్లెంత అని నాకు గర్వం. అవ్వను బతిమాలి తీసుకెళ్లాను.

గోనెసంచి మీద కూర్చుని అవ్వ అడిగింది: "పీనుగ లేంది నోరెట్ల వస్తది కొడుకా? ఎవరిని ఏడ్వాలె?"

"నన్ను ఏడువు అవ్వా, ఊకె ఆటకే" అన్నాను నవ్వుతూ. అవ్వ చెంపలేసుకుంది, వద్దంది. నేను వినలేదు. చాలాసేపు నా ముఖం చూసి మొదలుపెట్టింది.

"నీ ఫిడేలు గోడకు ఏలాడవట్టె, నువ్వేడ వోతివి కొడుకో..."

ఎవరి వాయిద్యమూ పలకలేదు. చిన్నప్పుడు నేను కాలువలో పడ్డ సంగతి, జ్వరాలు, అలకలు అన్నీ అందులో వచ్చాయి. బతికుండి నా చావు విన్నాను. జనం చప్పట్లు కొట్టారు. అవ్వ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

దారిలో ఒక్కమాటే అంది: "ఎత్తిన శోకం ఊకె పోదు కొడుకా, ఒక పాణం అడుగుతది."

ఆ తరువాత ఎవరింటికీ శోకానికి పోలేదు. రోజూ పొద్దున్నే మా గేటు దగ్గరికి వచ్చి నన్ను పిలిచేది, నేను పలికాకే వెళ్లేది. నాకు దగ్గొస్తే ఉప్పు దిగదుడిచేది. ఇదేం గోల అని విసుక్కున్నాను కూడా. సిగ్గుగా ఉంది చెప్పడానికి.

శవం దగ్గర అవ్వ కూతురు చెప్పింది, ఊపిరి అందకపోయినా చివర్లో నవ్విందట. "నేనే పోతున్న. ఇగ పిల్లగానికి ఫికర్ లేదు" అందట.

నాకు ఇలాంటి నమ్మకాలు లేవనే అనుకున్నాను, ఆ కబురు వినేదాకా. ఆమెకున్నాయి. ఏడాదంతా ఆ భయాన్ని ఒక్కతే మోసింది. నెత్తికెత్తింది నేనే.

శోకం ఎత్తేవాళ్లెవరూ లేరు. "నువ్వెత్తు తమ్మీ, నీకు రాగం తెల్సు" అంది కూతురు. అవ్వా అన్నాను. రాగం అక్కడే తెగింది. ఆడవాళ్లంతా నా నోటి వంకే చూస్తున్నారు. అవ్వ నోరు తెరుచుకోకుండా దవడ కింది నుంచి నెత్తి మీదికి తెల్లగుడ్డ కట్టి ఉంది.